చడాయి మీద ఒకటో గేరు

ఇంజను డ్రైవరుకి సలహా చెప్పగలిగిన మనిషి ఖరగ్‌పూర్‌లో ఇంకా పుట్టలేదు. పుట్టినా మా ఆయన జోలికి మాత్రం రాడు. మా ఆయన పేరు సత్యవేదం. మెయిలు డ్రైవరు. అంతకుముందు గూడ్సు డ్రైవరు, దానికి ముందు ఫైర్‌మేన్, మరీ ముందు ఇంజను కింద దూరి బూడిద ఎత్తిపోసిన క్లీనరు. ఆ చివరి రెండు ఉద్యోగాలూ ఆయనకి జ్ఞాపకం ఉండవు. నాకు ఉంటాయి. ఆ బనీన్లు ఉతికింది నేను కదా.

తాను పట్టిన కుందేలికి మూడే కాళ్ళు అనే మనిషికి దేవుడు తెచ్చి తెచ్చి మూడు గేర్ల సైకిలే ఇచ్చాడు. ఇక చూసుకోండి నా పాట్లు.

అది పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. రైల్వే ట్రాఫిక్ శాఖలో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు దొర ఒకాయన ఇంటిల్లిపాదితో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ మంచాలు, పియానో, కోళ్ళగూడు అన్నీ అమ్మేశాడు. మిగతావాళ్ళు పనికొచ్చేవి కొనుక్కున్నారు. మా ఆయన సైకిలు కొన్నారు. ఆకుపచ్చ రంగు ఇంగ్లండు సైకిలు. హేండిలు మీద బొటనవేలంత మీట, దాని మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు. మీట నుంచి సన్నని తీగ ఒకటి వెనక చక్రం ఇరుసులోకి దూరుతుంది.

గేరు మార్చే పద్ధతి దొర చెప్పాడట. కాళ్ళ బలం ఒక్క క్షణం తీసెయ్యాలి, మీట నొక్కాలి, టక్కుమన్నాక మళ్ళీ తొక్కాలి. బలంగా తొక్కుతూ మారిస్తే లోపల పళ్ళు అరిగిపోతాయి. అది వినగానే మా ఆయన పొంగిపోయారు. ఇంజనులోనూ అంతేనట. ఆవిరి తగ్గించాకే లీవరు కదపాలట. ఏ గేరు ఎప్పుడు వాడాలో కూడా దొర చెప్పబోయాడు కానీ, "మెయిలు డ్రైవరుకి నేను చెప్పడమేమిటి" అని ఊరుకున్నాడట. ఊరుకుని ఓడ ఎక్కేశాడు. బతికిపోయాడు. ఇక్కడే ఉండి ఉంటే నా చేతిలో అయిపోయేవాడు.

సైకిలు ఇంటికి వచ్చిన సాయంత్రం పాస్టరుగారు వచ్చి సీటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. టీ, బిస్కెట్లు అయ్యాయి. పాస్టరుగారు వెళ్ళాక మా ఆయన ప్రసంగం మొదలైంది. వినడానికి నేనూ, తీతూ. తీతు పక్క క్వార్టర్లో ఉంటాడు, మా ఆయన ఇంజను మీదే ఫైర్‌మేన్. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా మా ఆయన ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"ఒరే తీతూ, బండి కదిలేటప్పుడూ, చడాయి ఎక్కేటప్పుడూ ఇంజను ఏ గేరులో ఉండాల?"

చడాయి అంటే ఎత్తుదారి. రైల్వేలో అందరిదీ అదే మాట.

"ఫుల్ గేరులో అన్నా."

"సమంగా పరిగెట్టేటప్పుడో?"

"లీవరు దగ్గరకి లాగీసి, తక్కువ గేరులో."

"మరి ఈ మూడిట్లో ఫుల్ ఏది?"

తీతు మీట వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, ఆ తర్వాత టీ కప్పులోకి చూశాడు. "మూడే గదన్నా" అన్నాడు.

"మూడే! మూడు కన్నా పెద్దదుందేటి? చడాయికి మూడు, సమదారికి ఒకటి. సూసినావా సూసన్నా, ఇంగ్లండోడైనా మా ఇంజను సూసే సేసినాడు."

సూసన్న అంటే నేనే. నేను సైకిలెక్కిన మనిషిని కాను. ఔనండీ అన్నాను. ఆ ఒక్క ఔనుకి ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా ఇంటికీ లోకో షెడ్డుకీ మధ్య పట్టాల మీదుగా వంతెన ఉంది. పదిహేనేళ్ళు గేరూ గీరూ లేని పాత సైకిలు మీద మా ఆయన ఆ వంతెన కీర్తన పాడుకుంటూ ఎక్కి దిగారు. ఈ ఇంగ్లండు సైకిలు వచ్చిన వారానికే రొప్పుతూ ఇంటికి రావడం మొదలైంది. చొక్కా పిండితే బకెట్టు నిండేది. వంతెన మీద మూడో గేరు వేసి, సీటు మీది నుంచి లేచి, పళ్ళు బిగించి, ఒక్కో పెడల్నీ కాలికింద తేలుని తొక్కినట్టు తొక్కేవారు. సమదారి మీద ఒకటో గేరులో కాళ్ళు కుట్టుమిషనులాగా గిరగిరా తిరిగేవి, సైకిలు మాత్రం పెళ్ళి ఊరేగింపులాగా నడిచేది. ఝపటాపూర్ నుంచి మూరీల డబ్బా కట్టుకొచ్చే ముసలాయన కూడా వెనకనుంచి "దాదా, సైడ్!" అని గంట కొట్టి దాటిపోయేవాడు. మరమరాలమ్మే డెబ్బై ఏళ్ళ మనిషి! మెయిలు డ్రైవరుని!

"ఆ సైకిల్లోనే ఏదో ఉందండీ" అన్నాను ఒకరోజు.

"సైకిల్లో ఏటుంటాది? మూడు గేర్లున్న సైకిలే. ఇన్ని గేర్లుండగానే ఎక్కలేకపోతన్నానంటే, ఏటీ లేకపోతే నా గతేటో ఆలోసించు."

ఆయన లెక్క ఆయనకి సరిపోయింది. సైకిలు గొప్పది, దారి పాతది, కాబట్టి చెడిపోయింది తన గుండే. ఆ మాట పైకి అనలేదు. ఎండుచేప మానేశారు. వెల్లుల్లిపాయలు పాలల్లో ఉడికించి ఇమ్మన్నారు. చర్చిలో కీర్తనలు పాడటం మానేసి పుస్తకంలోకి చూస్తూ పెదాలు కదిపేవారు. నేనేమో, సిగ్గుచేటు, వయసు మీద పడ్డాక బద్ధకం పెరిగిందని సాధించాను. "కదలండి, కదిలితేనే ఒళ్ళు తేలికవుతుంది" అని ఆ సైకిలు మీదే బజారుకి కూడా తోలాను.

మూడు నెలలు గడిచాయి. డ్రైవర్ల మెడికల్ దగ్గరపడింది. కళ్ళు, గుండె చూస్తారు. ఎ-వన్ అని రాస్తే మళ్ళీ ఇంజను మీదికి. లేదా షెడ్డులో లైట్ డ్యూటీ, అంటే నిన్నటిదాకా తనకి సలాము కొట్టినవాళ్ళ పక్కన కూర్చుని దీపాలు తుడవడం.

మెడికల్ రెండు రోజులుందనగా ఆయన లైన్ బాక్సు సర్దుతున్నాను. డ్యూటీకి వెళ్ళేటప్పుడు అన్నం, బట్టలు పెట్టుకునే రేకు పెట్టె అది. తువ్వాలు దులిపితే అడుగున ఒక కాగితం దొరికింది. ఇంగ్లీషులో రాయించుకోవడానికి ముందు తెలుగులో రాసుకున్న అర్జీ. గుండె బలహీనమైనందువల్ల మెయిలు నడపలేకపోతున్నాననీ, ప్రయాణికుల ప్రాణాలు తలచుకుని తనని ఇంజను మీది నుంచి దించి షెడ్డులో ఏ పని ఇచ్చినా చేసుకుంటాననీ ఉంది. సంతకం ఒక్కటే లేదు. మెడికల్ వాళ్ళు దించేలోపు తానే దిగిపోదామని కాబోలు.

కాగితం మళ్ళీ పెట్టెలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గరిట పట్టుకున్నాను. ఏడుపు వచ్చింది, దాని వెనకాలే కోపం కూడా వచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు ఇంట్లోంచి పారిపోయి షెడ్డులో చేరిన మనిషి. నన్ను చూడ్డానికి పెళ్ళిచూపులకి మసిబట్టలతో వచ్చిన మనిషి. ఆ ఇంజను లేకపోతే ఈయన బతుకుతాడా? నాతో ఒక్క మాట చెప్పలేదే! ఇన్నేళ్ళ కాపురం చేసి గుండె నొప్పి పెట్టెలో దాచుకుంటాడా?

ఆయన చర్చి కమిటీకి వెళ్ళి ఉన్నారు. గోడ మీది నుంచి తీతుని పిలిచాను. గరిట చేతిలోనే ఉంది.

"తీతూ, నిజం సెప్పు. ఇంజను మీద మీ అన్నకి ఆయాసం వస్తన్నాదా?"

"లేదు వదినా! మొన్న బొగ్గు తడిసిపోయి నాకు సేతులు పడిపోతే, పార అందుకుని తనే ఏసినాడు. సుక్క సెమట లేదు."

"మరి ఇంటికొచ్చేసరికి సచ్చినట్టు ఒస్తన్నాడేటి?"

తీతు మెడ గోక్కున్నాడు. గరిట చూశాడు. "సైకిలు తిరగేసి తొక్కుతన్నాడు వదినా" అన్నాడు.

"తిరగేసి ఏటిరా?"

"ఇంజనుకి పెద్ద గేరు బలం. సైకిలుకి సిన్న గేరే బలం. ఎత్తుకి ఒకటి ఎయ్యాల, సమంగా ఉన్నకాడ రెండు, ఎదురుగాలి లేకుండా బాగా పరిగెడతాంటే మూడు. అన్న ఎత్తుకి మూడేస్తన్నాడు. ఎద్దైనా రొప్పుతాది."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమే. గాలి కొట్టించుకు రమ్మంటే ఎక్కి సూసినాను."

"మూడు నెలలయ్యిందిరా సచ్చినోడా! ఎందుకు సెప్పలేదు?"

"డ్రైవరుకి ఫైర్‌మేన్ గేరు సెప్తాడేటి వదినా?" అన్నాడు తీతు. నేనేదో కూడని మాట అడిగినట్టు నొచ్చుకున్నాడు కూడా. "మనం బొగ్గు ఏసీవోళ్ళం. గేరు ఆయన సేతిలోది. సెప్తే రేపట్నుంచి ఆ ఇంజను మీద నన్ను ఉండనిస్తాడా?"

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చినావు గదరా!" అని గరిట ఎత్తేసరికి వాడు గోడ అవతలికి మాయమయ్యాడు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ మెల్లగా కదిపాను. "ఏటండీ, రేపొకసారి ఎత్తు మీద ఒకటో గేరేసి సూడండి."

చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎవుడు సెప్పినాడు?"

తీతు పేరు చెబితే వాడి బతుకు బుగ్గి. "నాకే తోసింది" అన్నాను.

"నీకు తోసిందా! సైకిలు సీటు ఎక్కడుంటాదో తెలీని దానికి గేరు తోసిందా! ఒకటిలో బలమేటుంటాదే? గూడ్సుకి ఒక ఇంజను కడితే బలమా, మూడు కడితే బలమా?"

మూడు ఇంజన్లు కట్టాలి నీ మొండితనాన్ని లాగడానికి అనుకున్నాను. పైకి చెప్పి లాభం లేదు. మెడికల్ రోజున రిక్షాలో వెళ్దామన్నాను. అసలే వద్దన్నారు. మెడికల్‌కి రిక్షాలో వెళ్ళిన డ్రైవరు గురించి కాలనీ అంతా ఏమనుకుంటుందో నాకూ తెలుసు. ఆస్పత్రి కూడా వంతెన అవతలే. అంటే ఈయన మూడో గేరులో వంతెన ఎక్కి, రొప్పుతూ పోయి, నేరుగా డాక్టరు గొట్టం కింద గుండె పెడతారన్నమాట. ఆ తర్వాత అర్జీ మీద సంతకం ఒక్కటే తరువాయి.

మెడికల్ రోజు పొద్దున్న బియ్యం కడుగుతుంటే తోచింది. ఈ లోకంలో మా ఆయన ఎదురుచెప్పనివి రెండే రెండు. ఒకటి ఎర్ర జెండా. రెండోది కాషన్ ఆర్డరు. ముందు దారి సరిగా లేదు, ఇంత మెల్లగా వెళ్ళు అని స్టేషనులో కాగితం రాసి ఇస్తారు. ఇచ్చేవాడికి మీసం కూడా మొలవకపోవచ్చు, అయినా ఎంత గొప్ప డ్రైవరైనా ఎందుకని అడగడు. సంతకం పెట్టి, రాసినట్టు నడుపుతాడు. ఇది నాకు చెప్పింది ఆయనే, వెయ్యిసార్లు.

కాగితం కోసం వెతికితే ఇంట్లో ఆ అర్జీయే దొరికింది. దాని వెనక వైపు, మిషను స్కూల్లో ఐదో క్లాసు దాకా చదివిన నా దస్తూరీతో రాశాను: "కాషన్ ఆర్డరు. మెయిలు డ్రైవరు సత్యవేదం గారికి. వంతెన చడాయి మీద ఒకటో గేరు దాటరాదు. ఇట్లు, సూసన్న." ఎర్ర గుడ్డ కోసం పెరట్లోకి పరిగెత్తి తీగ మీద కనపడింది లాగాను. దుడ్డుకర్రకి కట్టుకుని సందుదారిన వంతెన వైపు నడిచాను. ఆయన నాకంటే ముందే బయల్దేరారు. కానీ సమదారి మీద ఒకటో గేరులో పోయే మనిషిని నడిచి దాటడం ఏమంత కష్టం కాదు. ఆయన వచ్చేసరికి నేను వంతెన మొదట్లో రోడ్డు మధ్య నిలబడి ఉన్నాను.

కాళ్ళు క్షణం ఆపారు, మీట నొక్కారు, టక్, మూడో గేరు పడింది. సరిగ్గా అప్పుడే నేను కర్ర ఎత్తి ఊపాను. ఎర్రరంగు కంటపడగానే ఆయన చేతులు వాటంతట అవే బ్రేకుల మీదికి వెళ్ళాయి. సైకిలు కీచుమంటూ నా ముందు ఆగింది.

"ఏటే ఇది? మతి పోయిందేటి? అది... ఓసి నీ... అది నీ లంగా కాదేటే!"

అప్పుడు చూసుకున్నాను. నిజమే. నా ఎర్ర లంగాయే. రిక్షావాళ్ళు ఆగారు. కూరగాయల గంపలు ఆగాయి. మూరీల ముసలాయన వెనక నుంచి వచ్చి కాలు కింద పెట్టి, పళ్ళు లేని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ దించలేదు.

"కాషన్ ఆర్డరు" అన్నాను. "సదివి సంతకం పెట్టండి."

చదివారు. ముఖం నా లంగా రంగులోకి వచ్చింది. "ఇది రోడ్డే. రైలుదారి కాదు. నువ్వేమీ స్టేషను మాస్టరువి కాదు."

"ఎర్రది సూపిస్తే ఎవులు సూపించినారని అడుగుతారేటి? ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కరోజు అడిగినారా? దాటిపోతే పొండి. ఎర్రది దాటిన డ్రైవరని నేనే సెప్తాను లోకానికి."

వెనక మూరీల ముసలాయనకి బేరాల వేళ మించిపోతోంది. "సొయి కొరే దిన్, దాదా!" అని అరిచాడు, సంతకం పెట్టేయమని. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, కాగితాన్ని సీటు మీద పెట్టి, చిల్లుపడేంత గట్టిగా సంతకం పెట్టారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. మీట వెనక్కి తిప్పారు. ఒకటి.

మరి నావైపు చూడకుండా ఎక్కారు. సీటు మీది నుంచి లేవలేదు. పళ్ళు బిగించలేదు. కాళ్ళు మెల్లగా, సులువుగా తిరుగుతున్నాయి. సైకిలు తూలకుండా పైకి పోతోంది. నేను కిందనుంచే చూస్తున్నాను. వంతెన పైదాకా వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. సైకిలు దిగి, కటకటాలకి ఆనుకుని, తల వంచుకున్నారు.

ఓలమ్మో! నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తీతు అబద్ధం చెప్పాడా? గేరు కాదు, గుండేనా? నేనే నడిరోడ్డు మీద నా మొగుణ్ణి పరాచికం చేసి చంపుకున్నానా? ప్రభువా ప్రభువా అనుకుంటూ, లంగా కట్టిన కర్రతో సహా, ఆ ఎత్తంతా పరిగెత్తాను.

దగ్గరికి వెళితే ఆయన ఒక చేతిలో డ్యూటీ గడియారం పట్టుకుని, రెండో మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని ఉన్నారు.

"మాటాడకు" అన్నారు. పెదాలు కదులుతున్నాయి. నిమిషం అయ్యాక తల ఎత్తారు. "తొంభై."

"ఏటి తొంభై?"

"నాడి. రోజూ ఇక్కడే ఆగి లెక్కపెట్టుకుంటన్నాను. నిన్న నూట నలభై. మొన్న నూట నలభై నాలుగు." గడియారం చూశారు, సైకిలు చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "సైకిలేనా? అచ్చంగా సైకిలేనా సూసన్నా?"

"సైకిలే! గుండె కాదు, గాడిదగుడ్డూ కాదు! ఎవుల్నైనా ఒక్క మాట అడిగితే మూడు నెలల కిందటే తెలిసీది!"

ఏదో తోచి జేబులోంచి కాగితం తీశారు. తిప్పి చూశారు. తన అర్జీ.

"ఇది సదివినావా?"

"సదివినాను."

కింద పట్టాల మీద ఏదో షంటింగ్ ఇంజను అటూ ఇటూ తిరుగుతోంది, దాన్నే చూస్తున్నారు. "ఇంజను దించీసినాక నేనేటవుతానో నాకే తెలీలేదే. కాలనీలో ఉత్త ముసిలోడొకడు. నీకు సెప్తే నువ్వూ అలాగే సూస్తావని బయమేసింది" అన్నారు.

"మసిబట్టలతో పెళ్ళిసూపులకొస్తేనే ఒప్పుకున్నాను. షెడ్డులో దీపాలు తుడిస్తే ఒగ్గేస్తానా?" అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ కాగితం లాక్కుని చింపబోయాను. ఆయన చటుక్కున చెయ్యి పట్టుకున్నారు.

"సింపకు. కాషన్ ఆర్డరది. సంతకం పెట్టినాను. దాసాల."

ఆస్పత్రిలో డాక్టరు బాబు ఆయన గుండె మీద గొట్టం పెట్టి, ముందుకి వంచి, వెనక్కి వంచి, "ఠీక్ హై, ఎ-వన్" అని రాశాడు. ఆ తర్వాత, సైకిలు వెనకాలే పరిగెత్తుకొచ్చి గోడకి చేరబడి రొప్పుతున్న నన్ను చూసి, ఈమెని కూడా ఒకసారి చూడాలి అన్నాడు.

మర్నాడు మా ఆయన తీతుని పిలిపించి మళ్ళీ ప్రసంగం చేశారు. "ఒరే, ఇంగ్లండోడు అంకెలు తిరగేసి కొట్టినాడు. ఒకటంటేనే ఫుల్ గేరు. ఎవులూ కనిపెట్టలేదు ఇన్నాళ్ళూ."

"అలాగేటన్నా! నాకస్సలు తెల్దు!" అన్నాడు తీతు. నేను వంటింట్లోంచి గరిటతో తొంగి చూశాను. వాడు నావైపు చూడలేదు.

ఆ ఆదివారం ఆయన నన్ను సైకిలు వెనక కేరేజీ మీద కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కించారు. నా బరువు తక్కువేం కాదు. ఒకటో గేరులో ఎంత మెల్లగా పోయామంటే, నడిచి వస్తున్న తీతు మా పక్కనే కబుర్లు చెబుతూ వచ్చాడు. ఎత్తు అయిపోయింది. వంతెన పైన సమదారి వచ్చింది. అయినా ఆయన ఒకటిలోనే కాళ్ళు గిరగిరా తిప్పుతున్నారు. తీతు రెండుసార్లు దగ్గాడు. మూడోసారి తెగించాడు.

"అన్నా, సడాయి అయిపోనాది. రెండెయ్యండి."

"డ్రైవరుకి గేరు సెప్తావేటిరా!" అని మా ఆయన గర్జించారు. వంతెన మీది కాకులు లేచిపోయాయి. తీతు నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

నేను వెనకనుంచి ఆయన వీపు మీద తట్టాను. "వాడు సెప్పింది నిజమేనండీ. ఎయ్యండి."

ఆయన ఇంకొంతదూరం అలాగే తొక్కారు. ఆ తర్వాత కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. టక్కుమంది. "రెండేసినాన్రా తీతూ" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.